ఇంటి గుట్టు ఎవరికి చేటు?

(స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మనం ఎవరి జ్ఞాపకార్థం ఇక్కడ కూడామో ఆ టీచరమ్మ పేరు ఈ అచ్చు పాఠంలో కనిపించదు. అది ఆమె కూతురి కోరిక. ఆమె గురించి నేను చెప్పబోయే నాలుగు మాటలూ ఆ అమ్మాయిని అడిగి, సరే అన్నాకే రాసుకున్నాను. సభలో ఉన్నవాళ్లందరికీ ఆవిడ తెలుసు. చదివేవాళ్లకు ఇంత తెలిస్తే చాలు: నెల్లూరు జిల్లాలో ఒక పల్లెబడిలో పాఠాలు చెప్పారు. దెబ్బలు తిన్న ఇంట్లోంచి ఇద్దరు పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చేశారు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ అలాంటి ఇళ్లలోంచి బయటపడాలనుకునే ఆడవాళ్లకు ఆవిడ ఇంటి తలుపు తీసే ఉండేది. తన కథను ఆవిడ వేదికెక్కి ఎన్నడూ చెప్పలేదు. కావలసిన మనిషికి చెప్పకుండానూ ఉండలేదు. ఎవరికి చెప్పాలి, ఎక్కడ చెప్పాలి, విన్నవాళ్లు ఏం చేయాలి అన్నది ఆవిడ జీవితమంతా ఆలోచించిన విషయం. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నదీ అదే.

మన ఇళ్లలో ఆడపిల్ల నోరు మూయించడానికి ఒక సామెత ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఇంటి గుట్టు లంకకు చేటు. అత్తవారింటికి పంపేటప్పుడు తల్లి చెబుతుంది, తిరిగి వస్తే మేనత్త చెబుతుంది, పంచాయితీలో పెద్దమనిషి చెబుతాడు. నా చిన్నప్పటి నుంచీ విన్నాను. అయితే ఆ సామెత వెనక ఉన్న కథను ఎవరూ పూర్తిగా చెప్పరు. లంకలో ఆ గుట్టు ఏమిటి? ఒక స్త్రీని బలవంతంగా ఎత్తుకొచ్చి తోటలో కూర్చోబెట్టిన ఇల్లు అది. తప్పు, ఆమెను పంపించెయ్యి అని విభీషణుడు మొదట ఇంట్లోనే, అన్నగారి నిండుసభలోనే చెప్పాడు. అవమానించి వెళ్లగొట్టారు. ఆ తర్వాతే అతను బయటికి వెళ్లి చెప్పాడు. చేటు వచ్చింది నిజమే. ఎవరికి వచ్చింది? చెర పట్టినవాడికి వచ్చింది. చెరలో ఉన్న మనిషికి విడుదల వచ్చింది. ఇంత కథనూ పక్కనపెట్టి, దెబ్బలు తింటున్న పిల్లను లంకకు కాపలా కాయమని మనం చెబుతూ వస్తున్నాం.

మన దగ్గర గృహహింస గురించి మాట్లాడేటప్పుడు సిగ్గు, పరువు అన్న మాటలు గాలిలో తేలుతున్నట్టు వాడతాం. వాటికి చాలా గట్టి లెక్కలున్నాయి. అక్క కాపురం చెడిందంటే చెల్లెలికి సంబంధాలు రావు. ఒంటరిగా ఇల్లు అద్దెకు అడగబోతే ఓనరు మొదటి ప్రశ్న ‘మీవారు ఏం చేస్తుంటారు?’ అని. బడిలో తండ్రి సంతకం అడుగుతారు. పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు ఇస్తే చాలన్న నిబంధన 2016 డిసెంబరులో గాని రాలేదు. ‘మొగుడు వదిలేసిన ఆడది’ అన్నా, ‘మొగుణ్ణి వదిలేసి వచ్చింది’ అన్నా చెడ్డపేరు ఆమెకే. కొట్టినవాడి గురించి మాత్రం ‘పాపం, కాస్త కోపిష్టి’ అంటారు. వాడికి రెండో సంబంధం చూడటానికి మధ్యవర్తులు కూడా దొరుకుతారు. ఇన్ని ఖర్చులు కళ్ల ముందు కనిపిస్తున్నప్పుడు ఆమె నోరు మెదపకపోవడం పిరికితనం అని నేను అనలేను. చాలాసార్లు అది జాగ్రత్తగా వేసుకున్న లెక్క.

2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు అంకెలున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూడమని మిమ్మల్ని కోరుతున్నాను. మొదటిది దేశం మొత్తానిది. శారీరక హింసో లైంగిక హింసో అనుభవించిన స్త్రీలలో నూటికి 77 మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పుకోనూ లేదు. సాయం అడిగినవాళ్లు 14 మంది. వాళ్లలోనూ ఎక్కువమంది వెళ్లింది పుట్టింటివాళ్ల దగ్గరికే. పోలీసు స్టేషను గడప తొక్కినవాళ్లు చాలా తక్కువ. రెండో అంకె మనది. చెప్పకుండా బయటికి వెళ్తే, ఎదురు మాట్లాడితే, వంట సరిగా చేయకపోతే, అత్తమామల్ని లెక్కచేయకపోతే, ఇలా ఏడు కారణాలు చదివి, వీటిలో ఏ ఒక్కదానికైనా భర్త భార్యను కొట్టడం సరైనదేనా అని స్త్రీలను అడిగారు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నూటికి సుమారు 84 మంది సరైనదే అన్నారు. ఆ సర్వేలో ఇంతకంటే ఎక్కువ శాతం దేశంలో మరే రాష్ట్రంలోనూ రాలేదు.

ఈ 84 మందిని తిట్టడానికి నేనీ అంకె చెప్పడం లేదు. ఆ ఆడవాళ్లెవరో మనకు తెలుసు. మన అమ్మలు, పిన్నులు, వదినలు, కొన్నిసార్లు మనమే. దెబ్బ తిన్న పిల్ల ఎవరి ఒళ్లో తల పెట్టుకుని ఏడవాలో ఆ మనుషులే వీళ్లు. ‘నువ్వేమన్నావు వాణ్ణి?’ అన్న ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది. 77 మంది మౌనానికి కారణం ఆ 77 మంది గొంతుల్లో వెతికితే దొరకదు. వినాల్సినవాళ్ల చెవుల్లో వెతకాలి. బాధితులు ముందుకొచ్చి మాట్లాడాలి, నిశ్శబ్దం బద్దలు కొట్టాలి అని ప్రతి సంవత్సరం నవంబరు 25న సభలు పెట్టి పిలుపులిస్తుంటాం. మాట్లాడే భారమంతా మళ్లీ దెబ్బలు తిన్న మనిషి మీదే వేస్తున్నాం. ఆమె చెప్పాక మనమేం చేస్తామో మాత్రం ఆ సభల్లో ఎవరూ చెప్పరు.

జిల్లా కౌన్సెలింగ్ కేంద్రంలో నేను కూర్చున్న ఏళ్లలో గమనించింది ఒకటి చెబుతాను. ఏ స్త్రీ కూడా అసలు సంగతి మొదట చెప్పదు. చిన్నది చెబుతుంది. ‘కూరలో ఉప్పెక్కువైందని కంచం విసిరేశాడండీ’ అంటుంది. అని మన మొహం చూస్తుంది. ఆ క్షణాన మనం నవ్వినా, ‘మగాళ్లంతా అంతేనమ్మా’ అన్నా, ఇంకేం చెప్పదు. చీర కొంగు సర్దుకుని లేచిపోతుంది. మనం కుదురుగా వింటే రెండోది వస్తుంది, వారం తర్వాత మూడోది వస్తుంది. మెడ మీది మచ్చ బాత్రూములో జారిపడితే వచ్చింది కాదని తెలియడానికి నెలలు పట్టొచ్చు. కొందరు పక్కింటావిడ కథగా మొదలుపెడతారు. ‘మా పక్కింటావిడకి ఇలా జరుగుతోందండీ, ఏం చేయమంటారు?’ అని. పక్కింటావిడ గురించి మనం ఎంత మర్యాదగా మాట్లాడతామో చూసి, ఆ మర్యాద తనకూ దక్కుతుందనిపిస్తే అప్పుడు ‘నేను’ అంటుంది. టీచరమ్మ ఈ సంగతి నాకంటే చాలా ముందే కనిపెట్టారు. తన దగ్గరికొచ్చినవాళ్లను ఏం జరిగిందని అడిగేవారు కాదు. ముందు అన్నం పెట్టేవారు. పిల్లలుంటే పిల్లల్ని నిద్రపుచ్చేవారు. ఆ తర్వాత, ఎదుటిమనిషి ఒక మాట మొదలుపెట్టి ఆగిపోతే, ‘మా ఇంట్లోనూ ఇంతే జరిగేది’ అనేవారు. అంతే. తన కథ అంతవరకే చెప్పేవారు. మిగతాది అవతలి మనిషి చెప్పుకునేది.

‘మా ఇంట్లోనూ ఇంతే’ అన్న ఆ చిన్న మాటకు ఉన్న బలం చట్టాలకు కూడా లేదని నేను నమ్ముతాను. హింస చేసేవాడు ప్రతి ఇంట్లోనూ ఆమెకు ఒకే పాఠం చెబుతాడు. నీలాంటిది ఎక్కడా ఉండదు, నీవల్లే నాకు కోపం వస్తోంది, నీకు తప్ప ఎవరికీ ఇలా జరగదు అంటాడు. తీరా నలుగురు ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటే నాలుగిళ్లలోనూ జరిగేది ఒకటేనని బయటపడుతుంది. ముందు ఫోను లాక్కుంటాడు. తర్వాత అమ్మతో మాట్లాడనివ్వడు. జీతం పడే ఏటీఎం కార్డు వాడి దగ్గరే ఉంటుంది. కొట్టిన మర్నాడు చీర కొనుక్కొస్తాడు, పిల్లల మీద ఒట్టు పెడతాడు. ఇదంతా తన స్వభావ దోషం వల్ల జరుగుతోందని ఇన్నాళ్లూ అనుకున్న మనిషి, పక్కవాళ్ల ఇంట్లోనూ అచ్చంగా ఇదే వరస అని విన్నప్పుడు ఆమె మొహంలో వచ్చే మార్పు నేను ఎన్నోసార్లు చూశాను. తన తప్పు కాదని ఆమెకు ఎవరూ వాదించి చెప్పనక్కర్లేదు. తనే లెక్క కట్టుకుంటుంది.

ఇది ఒకరిద్దరి విషయంలో జరిగే చిన్న మార్పేనని అనుకోకండి. ఊళ్లకు ఊళ్లు అలా మాట్లాడుకున్న చరిత్ర మనకుంది. అదీ ఈ జిల్లాలోనే. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, టీచర్లు, ఊళ్లో చదువుకున్న పిల్లలు కలిసి రాత్రిపూట లాంతర్ల కింద అక్షరాలు నేర్పారు. పొద్దంతా కూలికి వెళ్లొచ్చి, వంట చేసి, పిల్లలకు పెట్టి, అప్పుడు పలకా బలపం పట్టుకుని వచ్చారు ఆడవాళ్లు. వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం ఉండేది. సారా ఇంటిని ఏం చేస్తుందో, ఊరి ఆడవాళ్లు దానికి ఏం చేశారో చెప్పే పాఠం. దాన్ని చదివిన ఆడవాళ్లు సీతమ్మ గురించి మాట్లాడటం మొదలుపెట్టి తమ గురించి మాట్లాడుకున్నారు. కూలి డబ్బులు ఎలా లాక్కుంటున్నాడో, రాత్రి తాగొచ్చి ఏం చేస్తున్నాడో, బిడ్డను ఎత్తుకుని ఎవరి చూరు కింద తెల్లారేదాకా కూర్చున్నారో ఆ పలకల ముందే బయటికి వచ్చింది. కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు కదిలి తమ ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. వాళ్ల ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. దూబగుంట సంగతి ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పాఠమై తర్వాతి వాచకంలోకి ఎక్కింది. అది చదివి మరో ఊరు కదిలింది. 1992లో సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో పూర్తి మద్య నిషేధం, 1997లో దాని సడలింపు, అవన్నీ మీకు తెలిసినవే.

సారా వ్యతిరేకోద్యమం గురించి చాలా పుస్తకాలు వచ్చాయి. వాటిలో రాజకీయాలు, వేలంపాటల లెక్కలు ఎక్కువ. ఆ రాత్రి బడులలో జరిగిన సంభాషణ మీద నాకు ఇంకా ఎక్కువ గౌరవం. అక్కడ చెప్పేవాళ్లూ వినేవాళ్లూ ఒకటే. మేజాబల్లకు అవతల కూర్చున్న అధికారి లేడు. ‘నువ్వేం చేశావు?’ అని అడిగే మనిషి లేడు, ఎందుకంటే అడగాల్సిన మనిషి ఇంట్లోనూ అదే జరుగుతోంది. సిగ్గు అక్కడ ఎవరూ దులిపేయకుండానే రాలిపోయింది.

ఒక మాట నిష్కర్షగా చెప్పాలి. ఆ ఉద్యమంలో సారా అన్న పేరు ఆడవాళ్లకు మాట్లాడే దారి ఇచ్చింది, అదే సమయంలో ఒక ముసుగునూ ఇచ్చింది. ‘మావాడు మంచోడే, ఆ సారాయే చెడ్డది’ అనే వీలు దొరికింది. భర్తను అనకుండానే దెబ్బల గురించి చెప్పగలిగారు. ఆ కాలానికి అది గొప్ప ఉపాయం, దాన్ని నేను తక్కువ చేయను. కానీ సారా కొట్టు మూతపడ్డాక కూడా చెయ్యి లేచిన ఇళ్లున్నాయి. తాగని ఉద్యోగస్థుడి ఇల్లు, పూజలు చేసే ఇల్లు, డాక్టరు ఇల్లు, లెక్చరరు ఇల్లు ఈ కథలో మొదటినుంచీ లేవు. బస్తీలో గోడలు పల్చన, అరుపు నలుగురికీ వినిపిస్తుంది. అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఏసీ వేసి తలుపులు బిగిస్తే ఏమీ వినపడదు. చదువుకున్న మధ్యతరగతి ఆడవాళ్లు ఇవాళ్టికీ మాట్లాడటానికి అంత తేలిగ్గా సిద్ధపడరు. వాళ్లకు పోయేది ఎక్కువని వాళ్లు అనుకుంటారు.

దూరం పెరిగేకొద్దీ ఈ మౌనం మరింత గట్టిపడుతుంది. భర్త హెచ్-1బీ మీద, తాను హెచ్-4 మీద అమెరికా వెళ్లిన తెలుగమ్మాయికి తన పేరుతో బ్యాంకు ఖాతా ఉండకపోవచ్చు, కారు నడపడం రాకపోవచ్చు. ఆమె వీసా భర్త వీసాకు కట్టేసి ఉంటుంది. ఊళ్లో అమ్మానాన్న మాత్రం అల్లుడి ఫొటో అందరికీ చూపించుకుంటుంటారు. న్యూజెర్సీలో 1985లో ‘మానవి’ అనే సంస్థ దక్షిణాసియా స్త్రీల కోసం మొదలైంది, 1989లో న్యూయార్క్‌లో ‘సఖి’, ఆ తర్వాత మరికొన్ని నగరాల్లో ఇంకొన్ని. మన భాషలో, మన ఇంటి తీరు తెలిసిన మనిషితో ఫోనులో మాట్లాడగలగడమే అక్కడ ఎంతోమందికి మొదటి మెట్టు అయింది.

చెప్పడానికి వీలులేక, వినేవాళ్లు లేక ఒక మనిషి జీవితం ఎంతదాకా వెళ్తుందో తెలుసుకోవాలంటే కిరణ్‌జిత్ అహ్లువాలియా కథ గుర్తు చేసుకోవాలి. పంజాబులో పుట్టి, 1979లో పెళ్లయి ఇంగ్లండు వెళ్లింది. పదేళ్లపాటు భర్త కొట్టాడు, కాల్చాడు, బలాత్కరించాడు. కుటుంబ పెద్దల దగ్గరికి వెళ్తే పరువు కోసం ఓర్చుకోమన్నారు. 1989 మే నెలలో ఒక రాత్రి, నిద్రపోతున్న భర్తకు నిప్పు పెట్టింది. అతను కొన్నాళ్లకు చనిపోయాడు. అదే ఏడాది డిసెంబరులో కోర్టు ఆమెకు హత్యానేరం కింద యావజ్జీవ శిక్ష వేసింది. ఆ విచారణలో ఆమె సాక్ష్యం చెప్పలేదు. పదేళ్ల హింస చరిత్రంతా ఆ కోర్టు ముందుకు రావలసిన తీరులో రానే లేదు. ఒక మనిషి జీవితం మీద తీర్పు చెప్పేవాళ్లకు ఆ జీవితమే తెలియదు.

ఆమె మాట విన్నది లండన్‌లోని ‘సౌతాల్ బ్లాక్ సిస్టర్స్’ అనే చిన్న మహిళా సంఘం. 1979లో పుట్టిన సంఘం అది. జైలుకు వెళ్లారు, ఆమె భాషలో ఆమె కథను చెప్పించుకున్నారు, కోర్టుల బయట నిలబడి నినాదాలిచ్చారు. 1992లో అప్పీలు కోర్టు పాత తీర్పును కొట్టేసి మళ్లీ విచారణ జరపమంది. హత్య అన్న నేరం పోయింది. తక్కువ నేరం కింద, అప్పటికే జైల్లో గడిపిన మూడేళ్ల నాలుగు నెలల కాలాన్నే శిక్షగా లెక్కించి ఆమెను వదిలేశారు. కోపంతో చంపినందుకు హత్యానేరం తగ్గాలంటే ఆ కోపం ‘అప్పటికప్పుడు’ రావాలన్నది అక్కడి పాత చట్టం. పదేళ్ల భయం ఒక రాత్రి బద్దలైతే అది ఆ కొలతలో పట్టదు. ఈ కేసు, ఇలాంటివే మరికొన్ని కేసులు లేవనెత్తిన చర్చ ఏళ్ల తరబడి సాగి, 2009లో పార్లమెంటు చేసిన చట్టంలో ‘అప్పటికప్పుడు’ అన్న షరతు పోయింది. 1997లో ఆమె రహీలా గుప్తాతో కలిసి తన కథను పుస్తకంగా రాసింది.

ఆమె చేసిన పనిని సమర్థించడానికి ఇది చెప్పలేదు. ఒక ప్రాణం పోయింది, ఒక మనిషి జైలుపాలైంది, పిల్లలు తల్లికి దూరమయ్యారు. 1989 మే కంటే ముందే ఆ ఇంటి పెద్దల్లో ఒక్కరు ఆమె మాట విని, వెంటబెట్టుకుని బయటికి తీసుకొచ్చి ఉంటే ఇవేవీ జరిగేవి కావు. పరువు కాపాడుకున్నామనుకున్న పెద్దలు ఏం కాపాడారో చెప్పమనండి.

మన దేశంలోనూ మొదట గొంతెత్తినవాళ్లలో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులున్నారు. 1979లో ఢిల్లీలో సత్యరాణి చడ్డా కూతురు కాలిపోయి చనిపోయింది. షాజహాన్ ఆపా అనే మరో తల్లి కూతురిదీ అదే గతి. అంతకుముందు ఇలాంటి చావులు పేపర్లో ‘స్టవ్ పేలి గృహిణి మృతి’ అని ఒక మూలన రెండు వాక్యాలుగా వచ్చేవి. ఈ తల్లులు కూతుళ్ల ఫొటోలు పట్టుకుని వీధుల్లో నిలబడి, అవి ప్రమాదాలు కావని చెప్పారు. 1983లో శిక్షాస్మృతిలోకి 498ఎ, 1986లో వరకట్న మరణాల మీద 304బి వచ్చాయంటే అందులో ఆ తల్లుల కష్టముంది. ఆ ఇద్దరూ 1987లో ‘శక్తి శాలిని’ పేరుతో బతికున్న ఆడపిల్లల కోసం ఆశ్రయం మొదలుపెట్టారు. చనిపోయాక ఏడ్చేకంటే బతికుండగా తలుపు తీయడం మేలని వాళ్లు తమ కడుపుకోతతో తెలుసుకున్నారు.

అయితే కథ చెప్పమని అడిగే ప్రతివాళ్లూ మేలు చేసేవాళ్లు కారు. మన టీవీల్లో కాపురాల పంచాయితీలు చూస్తూనే ఉన్నాం. భార్యనీ భర్తనీ ఎదురెదురుగా కూర్చోబెడతారు. మధ్యలో ఒక పెద్దమనిషి. ఆమె ఏడుస్తుంటే కెమెరా దగ్గరికి వెళ్తుంది, వెనక సంగీతం వినిపిస్తుంది. చివరికి ‘సర్దుకుపో అమ్మా, పిల్లల మొహం చూసైనా’ అని తీర్పు. ఆ రాత్రి ఆమె ఎవరింటికి వెళ్తుంది? ఏ మనిషి పక్కన పడుకుంటుంది? తన గుట్టు లోకానికి చెప్పిందన్న కోపంతో ఉన్న మనిషి దగ్గరికే కదా. బయటపడటానికి స్త్రీ ప్రయత్నించే రోజులే ఆమె ప్రాణానికి అన్నిటికంటే ప్రమాదమైన రోజులని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆ రోజుల్లో ఆమెను కెమెరా ముందుకు లాగడం నేరంతో సమానమని నా అభిప్రాయం. కథ వింటున్నామన్న పేరుతో సంతలో పెట్టడం అది. ఆ కార్యక్రమాలు చూసిన ఇంకో పది మంది ఆడవాళ్లు, మనకు ఆ గతి వద్దు బాబూ అని నోరు మూసుకుంటారు.

మన చట్టం ఈ విషయంలో మన టీవీల కంటే సున్నితంగా ఆలోచించింది. 2005లో చేసి, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకి వచ్చిన గృహహింస నిరోధక చట్టంలో, ఇరుపక్షాల్లో ఎవరు కోరినా విచారణను మూసిన గదిలో జరపడానికి 16వ సెక్షను వీలిస్తుంది. మాట చెప్పడానికి ఒక గది కావాలని ఆ చట్టం రాసినవాళ్లకు తెలుసు. దెబ్బలే కాదు, తిట్లు, బెదిరింపులు, లైంగిక హింస, డబ్బు చేతికి ఇవ్వకపోవడం, స్త్రీధనం లాక్కోవడం కూడా హింసేనని 3వ సెక్షను చెప్పింది. ఉంటున్న ఇంట్లోంచి ఆమెను గెంటేయకూడదని 17వ సెక్షను చెప్పింది. ఈ సెక్షన్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ‘ఒక్క దెబ్బ కొట్టలేదండీ, కానీ పదేళ్లుగా రూపాయి చేతికివ్వలేదు’ అని చెప్పిన ఆడవాళ్ల మాటలు ఎక్కడో ఒకచోట, ఎవరో విని రాసుకుంటే వచ్చాయి. అయితే ఆమె దరఖాస్తు కోర్టుకు అందాక మొదటి వాయిదా మూడు రోజుల్లో వేయాలని, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని అదే చట్టంలో ఉంది. అది ఎంతవరకు జరుగుతోందో ఇక్కడున్న లాయర్లను అడగండి. ఏళ్లు పడుతున్నప్పుడు, ప్రతి వాయిదాకూ అదే కథ మళ్లీ చెప్పాల్సి వస్తున్నప్పుడు, మన వ్యవస్థ కూడా సరిగా వినడం లేదనే అర్థం.

మాట్లాడితే పరువునష్టం దావా వేస్తామన్న బెదిరింపూ ఉంది. ఉద్యోగస్థలంలో లైంగిక వేధింపుల గురించి మాట్లాడిన పాత్రికేయురాలు ప్రియా రమణి మీద వేసిన కేసులో 2021 ఫిబ్రవరి 17న ఢిల్లీ కోర్టు ఆమెను నిర్దోషి అంది. మగవాడి పరువు హక్కు కోసం స్త్రీ గౌరవాన్ని, ప్రాణాన్ని బలిపెట్టలేమని, ఎన్నేళ్ల తర్వాతైనా ఆమె తన బాధ చెప్పుకోవచ్చని ఆ తీర్పు సారాంశం. అది ఇంటి హింస కేసు కాదు. అయినా పరువు అనే కత్తిని ఎవరి మీద ఎత్తకూడదో ఒక న్యాయస్థానం చెప్పింది, మనం గుర్తుంచుకోవాలి.

పేరు పెట్టి రాయడం కూడా ఒక దారే. బేబీ హల్దార్ పన్నెండేళ్లకే, తనకంటే ఎంతో పెద్దవాడితో పెళ్లయి, దెబ్బలు తిని, పిల్లల్ని తీసుకుని ఢిల్లీ దగ్గర ఇళ్లలో పనిచేస్తూ, పని పూర్తయ్యాక రాత్రిళ్లు నోటు పుస్తకంలో రాసుకుంది. ఆమె పుస్తకం ‘ఆలో ఆంధారి’ 2002లో వచ్చి ఎన్నో భాషల్లోకి వెళ్లింది. ఆమె రాయడానికి కారణం ఆమె పనిచేసిన ఇంటి యజమాని ప్రబోధ్ కుమార్. బీరువాలో పుస్తకాలు దుమ్ము దులుపుతూ ఆగి చూస్తున్న పనిమనిషిని గమనించి, కలమూ కాగితమూ ఇచ్చి రాయమన్న మనిషి. అలా గమనించే ఒక్క మనిషి ఎదురుకావడమే అరుదు. తెలుగులో స్త్రీల పత్రిక ‘భూమిక’ ఏళ్లుగా ఈ మాటలకు చోటిచ్చింది, సాయానికి హెల్ప్‌లైను కూడా నడిపింది. అందరూ బేబీ హల్దార్లు కానక్కర్లేదు. చెప్పకుండా ఉండే హక్కు కూడా దెబ్బలు తిన్న స్త్రీకి ఉంది. ఏం చెప్పాలో, ఎంత చెప్పాలో, ఎప్పుడు ఆపాలో ఆమే నిర్ణయించుకోవాలి. పిల్లల పేర్లు, బడి పేరు, ఊరి పేరు చెప్పకుండానే చెప్పొచ్చు. కోర్టులో కేసు నడుస్తుంటే లాయరును అడిగి చెప్పాలి.

మరి వినేవాళ్లు? ‘ఎందుకు ఇన్నాళ్లు భరించావు?’ అన్న ప్రశ్నను దయచేసి మన నోళ్లలోంచి తీసేద్దాం. జాలి పడుతున్నామనుకుని అడుగుతాం. అవతల ఆమెకు అది మరో నేరారోపణ. మనం అడగవలసినది వేరే ఉంది: ఈ రాత్రి ఎక్కడ పడుకుంటావు, చేతిలో డబ్బుందా, ఆధార్ కార్డూ పిల్లల సర్టిఫికెట్లూ ఎక్కడున్నాయి, నేను వెంట రానా? ఆమె చెప్పింది ఆమె అనుమతి లేకుండా భర్తకు, అత్తగారికి, వాట్సాప్ గ్రూపుకు చేరవేయకూడదు. ‘నేను వాడితో ఒకసారి మాట్లాడి చూస్తా’ అని మంచి మనసుతో వెళ్లిన అన్నదమ్ముల వల్ల ఆ రాత్రి ఇంకా ఎక్కువ దెబ్బలు తిన్న చెల్లెళ్లు నాకు తెలుసు. ఈ మాట మగవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. మీ స్నేహితుడు భార్యను కొడతాడని మీకు తెలిసి ఉంటుంది. అతనితో కలిసి టీ తాగుతారు, క్రికెట్ మాట్లాడుకుంటారు. ఆమె మౌనం గురించి ఇంతసేపు మాట్లాడాం, మీ మౌనం లెక్కలోకి రాకుండా పోదు.

చివరగా ఒక అభ్యర్థన. సారా ఉద్యమం తర్వాత ఇదే జిల్లాలో ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచుకుంటూ పొదుపు సంఘాలు కట్టుకున్నారు. ఇవాళ రెండు రాష్ట్రాల్లోనూ సంఘం లేని ఊరు దాదాపు లేదు. నెలనెలా ఆడవాళ్లు ఒకచోట కూర్చుంటున్నారు. వాయిదాలు, వడ్డీలు, బ్యాంకు లింకేజీ చూసుకుని లేచిపోతున్నారు. రాత్రి బడిలో లాంతరు కింద జరిగిన ఆ సంభాషణకు ఇప్పుడు కొత్తగా చోటు వెతకనక్కర్లేదు, చోటు మన దగ్గర ఉంది. ఇక్కడున్న సంఘాల లీడర్లను, సంఘాల పని చూసే సీసీలను, ఏపీఎంలను అడుగుతున్నాను. లెక్కలయ్యాక పుస్తకాలు మూసి ఒక్క అరగంట కూర్చోండి. ఎవరినీ నిలబెట్టి చెప్పమనకండి. ఎవరైనా చెబితే ఆ మాట బయట ఎక్కడా చెప్పకూడదని అందరూ ముందే ఒప్పుకోండి. మహిళల హెల్ప్‌లైను 181 నంబరు, మీ జిల్లాలో బాధిత మహిళలకు సాయపడే ప్రభుత్వ సఖి కేంద్రం ఎక్కడుందో గోడ మీద రాసిపెట్టండి. అక్కడికి వెళ్లాల్సిన మనిషి ఉంటే సంఘం నుంచి ఇద్దరు తోడు వెళ్లండి. ఆటో ఖర్చు సంఘం పెట్టుకోవాలి. వచ్చే నెల సమావేశం నుంచే మొదలుపెట్టమని మీ అందరినీ చేతులు జోడించి కోరుతున్నాను.